అర్జీకి ముందు అడ్డగీత

రాష్ట్ర అర్జీల సత్వర పరిష్కార సంస్థలో నరహరిది చిత్రమైన ఉద్యోగం. ఒకరు కష్టపడి తయారు చేసింది ఎక్కడ చెడుతుందో వెతికిపెట్టడం అతని పని. ఇలాంటి మనిషిని ఇంట్లో వంకలమారి అంటారు, ఆఫీసులో టెస్టర్ అంటారు. తేడా ఏమిటంటే ఇంట్లోవాళ్ళు పదకొండు నెలలకోసారి కాంట్రాక్టు పొడిగించరు.

ఆ సంవత్సరం సంస్థవారు ఒక కొత్త ప్రోగ్రాం తలపెట్టారు. మామూలు భాషలో రాస్తే నిదానంగా నడుస్తుందని, యంత్రానికి బాగా దగ్గరగా ఉండే సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ భాషలో రాయించారు. రాసిన మనిషి ఫిలోమినా. తక్కువ మాట్లాడి ఎక్కువ రాసే రకం. ప్రోగ్రాం పని చెప్పుకోడానికి చిన్నదే. జనం అర్జీ పెడతారు. ఆ అర్జీ అడుగునే వార్డు అధికారి తన జవాబు రాసి పంపుతాడు. ప్రోగ్రాం ఆ కాగితమంతా చదివి, పని పూర్తయిందని చెప్పే మాటల నమూనా అందులో ఉందో లేదో చూస్తుంది. ఉంటే అర్జీ మూసేసి, "మీ సమస్య పరిష్కారమైంది, ధన్యవాదములు" అని అర్జీదారు ఫోనుకు సందేశం పంపుతుంది. లేకపోతే ఉందనిపించేదాకా వార్డు అధికారి ప్రాణాలు తోడేస్తుంది.

నమూనా అంటే మరేమీ లేదు. "మూత, నక్షత్రం గుర్తు, వేశాం" అని ఒక వరస. నక్షత్రం ఉన్నచోట ఏ మాటైనా పడొచ్చు. "మూత కొత్తది వేశాం" అన్నా, "మూత నిన్ననే వేశాం" అన్నా యంత్రం "అవును" అనాలి. "మూత రేపు వేస్తాం" అంటే "కాదు" అనాలి. "మూత గురించి పైవారికి రాశాం" అంటే "కాదు" అనాలి. ఖాళీ కాగితం పెడితే మరీ గట్టిగా "కాదు" అనాలి. ఇలాంటివి నరహరి మొత్తం నాలుగువందల పది పరీక్షలు రాశాడు. అందులో రెండువందల మూడింటికి సరైన జవాబు "కాదు". ప్రభుత్వ కాగితాల్లో పని జరక్కపోవడాన్ని ఎన్ని రకాలుగా చెప్పొచ్చో నరహరికి తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. అన్నీ సేకరించి పెట్టాడు.

అతనంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఇంట్లో ఉంది. పేరు సుందరక్క. నరహరి కన్నా పద్నాలుగేళ్ళు పెద్ద. హిందీ టీచరుగా రిటైరై తమ్ముడి దగ్గరే ఉంటోంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కోళ్ళఫారం రోడ్డు మూడో అడ్డవీధిలో, వాళ్ళ గేటుకు నాలుగడుగుల దూరంలో మురుక్కాలవ మూత పోయి ఆరు నెలలైంది. రోజూ తెల్లారకుండా పాలపాకెట్లకి వెళ్ళే సుందరక్క, ఎదురింటి ప్రహరీ చేత్తో తడుముకుంటూ చుట్టూ తిరిగి వెళుతోంది. మూత గురించి ఇప్పటికి పదకొండు అర్జీలు పెట్టింది, ఒక్కో అక్షరం ముత్యంలా. పదకొండింటినీ గుమాస్తాలు చదవకుండానే మూసేశారు.

"ఒరేయ్ నరహరీ, మీ మెషీనైనా చదువుతుందా, లేక అదీ ఆ గుమాస్తాల చుట్టమేనా?" అని అడిగేది.

"చదువుతుందక్కా. ప్రతి అక్షరం చదువుతుంది. మూత వేశామని ఎవడైనా రాసి సంతకం పెడితే తప్ప నీ అర్జీ మూయదు. వెయ్యకుండా రాసినవాడు దొరికిపోతాడు. పూచీ నాది."

"నీ పూచీ అయితే సరే. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ చేతకాలేదు," అని పన్నెండో అర్జీ రాయడానికి కూర్చుంది.

సంస్థకు సంచాలకులు చిట్టిప్రోలు వైకుంఠరావు గారు. అంతకుముందు పట్టుపురుగుల శాఖలో ఉండేవారు. అక్కడ పురుగులు తమంతట తాము గూళ్ళు కట్టుకోవడంతో పరిపాలనాదక్షుడని పేరొచ్చింది. ఆయన గదిలో గోడంత తెర ఒకటి పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పరీక్షల ఫలితాలు అందులో కనబడేట్టు ఏర్పాటు చేయించారు. ఒక్కో పరీక్షకూ పక్కన యంత్రం చెప్పిన జవాబు పడుతుంది. మొదటిరోజే సంచాలకులవారు తెర ముందు నిలబడి, ముఖం గంటు పెట్టుకుని నరహరిని పిలిపించారు.

"ఏమిటివి, ఈ కాదులు?"

"పరీక్షలు సార్. నాలుగువందల పదీ పాసయ్యాయి."

"పాసైతే కాదు అని ఎందుకుంది?"

"అక్కడ కాదు అనడమే సరైన జవాబు సార్. మూత రేపు వేస్తాం అని రాశారనుకోండి. మూత వేసినట్టేనా అని యంత్రాన్ని అడుగుతాం. కాదు అనాలి. అంది. పాస్."

వైకుంఠరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే కాదు అనాలని మీరు ముందే కోరుకున్నారు."

"అవును సార్."

"కోరుకుని, కాదు అనిపించుకున్నారు."

"అవును సార్. అదే కదా పరీక్ష."

"ప్రభుత్వ కుర్చీలో కూర్చుని! రెండువందల మూడుసార్లు!" అన్నారాయన. కోపం కన్నా బాధే ఎక్కువ కనబడింది ఆ గొంతులో.  తెలివితక్కువ ప్రశ్నకి జవాబు చెప్పొచ్చు గానీ, బాధపడుతున్న అధికారికి ఏం చెప్తాం?

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "విషయము: పరీక్షలయందు ప్రతికూల ఫలితాపేక్ష – నివారణ – గురించి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, మన సంస్థయందలి పరీక్షలలో దాదాపు సగము 'కాదు' అను జవాబును ఆశించి వ్రాయబడినట్లు గమనించడమైనది. ఇది ప్రజాసేవా స్ఫూర్తికి విరుద్ధము. ఇకమీదట పరీక్ష ఏదైనను 'అవును' అను జవాబునే ఆశించవలెను. ఉల్లంఘించినవారిపై తగు చర్య గైకొనబడును." కింద ఆకుపచ్చ సిరాతో సంతకం.

ఆ 'కాదు' పరీక్షలని తీసిపారెయ్యమన్నా ఒక దండం పెట్టి ఊరుకునేవాడు నరహరి. కానీ తీసేస్తే మొత్తం సంఖ్య తగ్గుతుంది. నాలుగువందల పది అని అప్పటికే పైకి నివేదించారు. అందుకని "ప్రతికూల పరీక్షల పునరావాస కమిటీ" వేశారు. అయిదుగురు సభ్యులు. వాళ్ళు మూడువారాలు కూర్చుని, జీడిపప్పు ఉప్మా తింటూ, ఒక్కో పరీక్షనీ పేరుపేరునా పరామర్శించి, "కాదు" ఉన్నచోట "అవును" రాయించారు. ఖాళీ కాగితం పరీక్ష దగ్గర మాత్రం ఒక సభ్యుడికి సందేహం వచ్చింది.

"ఇందులో ఏమీ రాయలేదు కదండీ. మూత వేశారని ఎలా అనుకుంటాం?"

"వెయ్యలేదని మాత్రం రాశారా?" అన్నారు అధ్యక్షులు. సభ్యుడు ఉప్మా వైపు తిరిగాడు. పరీక్షకి పునరావాసం దొరికింది.

పరీక్షలు మారాయి గానీ ప్రోగ్రాం మారలేదు కదా. మర్నాడు తెర మీద రెండువందల మూడు ఎర్రదీపాలు వెలిగాయి. "మూత రేపు వేస్తాం" అన్నదానికి యంత్రం ఇంకా మొండిగా "కాదు" అంటోంది. సంచాలకులవారికి ఇప్పుడు విషయం పూర్తిగా అర్థమైంది. "పరీక్షలు బాగుపడ్డాయి. ఇక తప్పంతా ప్రోగ్రాందే. ఫిలోమినా గారిని పిలవండి," అన్నారు.

ఫిలోమినా వచ్చి, తెర చూసి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. నరహరి వెనకే వెళ్ళాడు.

"ఎలా చేస్తారండీ ఇది?"

"ఎలా ఏముంది నరహరి గారూ. వేశాం అన్నా అవును, వేస్తాం అన్నా అవును, అసలేమీ అనకపోయినా అవును. ఇన్నింటికీ సరిపడే ప్రోగ్రాం ఒక్కటే ఉంది."

ఎనిమిదివందల వరసలు సెలెక్టు చేసి చెరిపేసింది. నాలుగునెలల పని. ఆవిడ ముఖంలో ఏమీ కనబడలేదు గానీ, చెరిపే ముందు వేలు కాసేపు ఆ మీట మీదే ఆగింది. చెరిపినచోట ఒక్క వరస రాసింది. అర్జీ ఏదైనా, నమూనా ఏదైనా, జవాబు "అవును".

ఆ భాషకొక గుణముంది. రాసినదాన్ని యంత్రానికి అప్పజెప్పేముందు కంపైలర్ అనేది ఒకటి మొత్తం చదివి, తేడా ఉంటే సణుగుతుంది. ఇప్పుడూ సణిగింది. "హెచ్చరిక. మీరు 'అర్జీ' తీసుకున్నారు, కానీ ఎక్కడా వాడలేదు. 'నమూనా' తీసుకున్నారు, కానీ ఎక్కడా వాడలేదు. కావాలనే ఇలా చేస్తే, పేరుకు ముందు ఒక అడ్డగీత పెట్టండి."

"చూశారా, ఈ బిల్డింగులో సిగ్గున్నది ఇదొక్కటే," అంది ఫిలోమినా. "తీసుకుంటాను గానీ చూడను అని ఒప్పుకుంటే చాలట. ఊరుకుంటుందట." 'అర్జీ' అన్న పేరుకు ముందు ఒక గీత పెట్టింది. 'నమూనా'కు ముందు ఇంకొకటి. కంపైలర్ నోరు మూసుకుంది.

నాలుగువందల పది పరీక్షలూ పాస్. ప్రోగ్రాం అంతకుముందుకన్నా వెయ్యి రెట్లు వేగంగా నడిచింది. సంచాలకులవారు ఆ ఆకుపచ్చ తెర ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు.

ఇక మిగిలింది నాణ్యతా ధ్రువీకరణ పత్రం. దానిమీద టెస్టర్ సంతకం పెట్టాలి. "ఈ ప్రోగ్రాం ప్రతి అర్జీనీ క్షుణ్ణంగా చదివి నిర్ణయించునని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని ఉంది అందులో. వైకుంఠరావు గారు ఆ కాగితం ముందు పెట్టి, దాని పక్కనే ఇంకో ఫైలు కూడా పెట్టారు. నరహరి కాంట్రాక్టు పొడిగింపు ఫైలది.

"రెండూ ఒకేసారి అయిపోతే బాగుంటుందనీ," అన్నారు, చాలా మర్యాదగా.

నరహరి చదివాడు. నిజం చెప్పొద్దూ, రెండుసార్లు చదివాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, వంకలు వెతకడం తప్ప ఇంకో విద్య తెలియనివాడికి ఇంకో చోట ఉద్యోగమెవరిస్తారనిపించింది. అక్కకి సాయంత్రం ఇంటికెళ్ళి చెప్దాంలే అనుకున్నాడు. పెన్ను తీసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం అక్క పకోడీలు వేసింది. చెప్పలేకపోయాడు. మర్నాడు చెప్దామనుకున్నాడు.

మర్నాడే ప్రారంభోత్సవం. ముహూర్తం ఉదయం అయిదూ యాభైకి. సిబ్బంది అంతా పట్టుబట్టల్లో ఆఫీసుకొచ్చారు. వైకుంఠరావు గారు మీట నొక్కారు. పేరుకుపోయిన అరవైరెండువేల అర్జీలు, చప్పట్లు ఆగేలోపల పరిష్కారమైపోయాయి.

వాటిలో ఒకటి సుందరక్కది. అయిదూ యాభై మూడుకి ఆవిడ ఫోను మోగింది. ఫోను కళ్ళకు ఆనించి పట్టుకుని, కూడబలుక్కుని చదువుకుంది. మీ సమస్య పరిష్కారమైంది, ధన్యవాదములు. తమ్ముడు పూచీ పడ్డ మెషీను చెప్పిన మాట. ఇన్ని నెలల తరవాత మొదటిసారి ఎదురింటి ప్రహరీ వైపు వెళ్ళకుండా, గేటు తీసుకుని తిన్నగా నడిచింది.

పాలవాడు అరిచిన అరుపుకి వీధివాళ్ళంతా వచ్చి పైకి తీశారు. కుడికాలు రెండుచోట్ల విరిగింది. నరహరికి కబురందేసరికి, వేదిక మీద అతని భుజాల మీద శాలువా కప్పుతున్నారు. ఆ శాలువాతోనే ఆసుపత్రికి పరిగెత్తాడు.

సంస్థ మాత్రం ఆగలేదు. పదిరోజుల్లో వైకుంఠరావు గారు ఒక విశేషం కనిపెట్టారు. వార్డు అధికారుల జవాబు రాకముందే అర్జీలు పరిష్కారమైపోతున్నాయి. అలాంటప్పుడు జవాబెందుకు? "క్షేత్రస్థాయి పరిశీలన కాలయాపనకు హేతువగుచున్నందున రద్దు చేయడమైనది" అని ఉత్తర్వు. వార్డు అధికారులు ఆ రోజు మిఠాయిలు పంచుకున్నారు. ఇంకో వారానికి ఇంకాస్త ముందుకెళ్ళారు. అర్జీలో ఏముందో చూడకుండానే ఇంత చక్కగా పరిష్కరించగలుగుతున్నప్పుడు, అర్జీ పెట్టేదాకా ఆగడం ప్రజలని కష్టపెట్టడం కాదూ? ఓటర్ల జాబితా తెప్పించి, రాష్ట్రంలో ప్రతి ఒక్కరికీ సందేశం పంపించారు. ఏ సమస్యా లేని మనుషులు కూడా తమకేం సమస్య పరిష్కారమైందో తెలీక బెంగపడ్డారు. కనుక్కుందామని కొందరు ఆఫీసుకొస్తే, వాళ్ళ చేత అర్జీ రాయించుకుని దాన్నీ పరిష్కరించారు. సంస్థకు జాతీయస్థాయి పురస్కారం ప్రకటించారు.

ఆసుపత్రి మంచంమీద సుందరక్క ఊరికే ఉండే మనిషా? "మూత వెయ్యలేదు, కాలు విరిగింది" అని పదమూడో అర్జీ పంపింది. పరిష్కారమైంది, ధన్యవాదములు. "ఏం పరిష్కారమైందో చెప్పండి" అని పద్నాలుగోది. పరిష్కారమైంది. పదిహేనో అర్జీలో గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో రాసింది. అదీ పరిష్కారమైంది. పదహారోసారి ఖాళీ కాగితం ఫొటో తీయించి పంపింది. వచ్చిన సందేశం తమ్ముడికి చూపించింది.

"ఖాళీ కాగితం కూడా పరిష్కారమైందిరా. ఏమిట్రా ఇది? ప్రతి అక్షరం చదువుతుందన్నావు."

నరహరి కిటికీ వైపు చూస్తూ మొత్తం చెప్పేశాడు. తెర, కమిటీ, ఒక్క వరస ప్రోగ్రాం, అడ్డగీత, సంతకం.  అంత సిగ్గు అతనికెప్పుడూ వెయ్యలేదు. సుందరక్క ఫోను పక్కన పెట్టింది.

"సంతకం పెట్టేముందు ఆ కాగితం చదివావా?"

"చదివానక్కా."

"అయితే మీ మెషీనే నయం. అది చదవకుండా అవునంది."

నరహరి ఆ మధ్యాహ్నమే తెల్లకాగితం తీసుకుని రాశాడు. నేను పెట్టిన ధ్రువీకరణ అబద్ధం, వెనక్కి తీసుకుంటున్నాను, ఆ రెండువందల మూడు పరీక్షలూ మళ్ళీ యథాతథంగా పెట్టాలి, నా కాంట్రాక్టు ఏమైనా ఫరవాలేదు, కోళ్ళఫారం రోడ్డులో మాత్రం ఇవాళే మూత వెయ్యాలి. ఆఫీసుకెళ్ళి సంచాలకుల గదిలోకి పోబోతే బంట్రోతు ఆపాడు.

"నేరుగా తీసుకోవట్లేదండి అయ్యగారు. స్టాఫు కాయితాలైనా కింద పెట్టెలోనే వెయ్యాలంట. మిషను చూసుకుంటదంట."

కింద గుమ్మం పక్కన ఆకుపచ్చ రేకుపెట్టె ఉంది. దానిమీద తెల్లరంగుతో పెద్దగా "అర్జీలు" అని రాసి ఉంది. నరహరి కాగితం అందులో వేశాడు. పెట్టెలోనే దాన్ని ఫొటో తీసే యంత్రముంది. వెనక్కి తిరిగేలోపల జేబులో ఫోను మోగింది. తీసి చూడలేదు. చూడక్కర్లేదు కూడా.

 తరవాత జేబులోంచి బోర్డు మార్కరు తీసి, "అర్జీలు" అన్న మాటకు ముందు, అడుగున, ఒక అడ్డగీత గీశాడు. పొట్టిగా, తిన్నగా. అతని ఉద్యోగంలో ఎప్పుడూ అంత కచ్చితమైన పని చెయ్యలేదు.

వెనక ఎవరో దగ్గారు. ఒక ముసలావిడ, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"బాబూ, అర్జీ ఎయ్యాల్సింది ఇందులోనేనా?"

"కాదమ్మా," అన్నాడు నరహరి.

రెండు నెలలుగా ఆ భవనంలో ఎవరూ అనని మాట. కుర్చీలో కునుకుతున్న బంట్రోతు ఉలిక్కిపడి లేచి, మెట్లవైపు చూశాడు, పైన ఎవరైనా విన్నారేమోనని.

"మరెక్కడియ్యాలి? పొద్దున అన్నం తినకుండా వొచ్చాను," అంది ముసలావిడ.

నరహరి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని, ఆవిడకి పక్కన చోటు చూపించాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వండి. ముందు చదువుతాను."